గ్యాంట్రీ గొట్టంలో ఇసుక పోస్తే సీఎన్‌సీ వణుకు ఆగుతుందా?

ఇంట్లో కట్టుకున్న సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు కోసే యంత్రం) అల్యూమినియం కోస్తుంటే వణికి కీచుమంటోందని, గ్యాంట్రీలో, అంటే కోత పనిముట్టును మోసే అడ్డ దూలంలో, ఇసుక నింపొచ్చా అని ఒకరు అడిగారు. కీచు తగ్గొచ్చు, వంగడం తగ్గదు. రెండూ వేరు. హైదరాబాద్ బాలానగర్ షెడ్డులో ఏ పాత లేత్ బెడ్డునైనా స్పానర్‌తో తట్టండి, పోత ఇనుము కదా, 'ఠప్' అని ఊరుకుంటుంది. ఉక్కు గొట్టం 'ఠంగ్'మని మోగుతూనే ఉంటుంది. ఆ మోతను ఇసుక రేణువులు ఒరుసుకుంటూ వేడిగా మార్చి మింగేస్తాయి, అంతే. వంపును ఆపేది గొట్టం కొలత: 50 మి.మీ. చదరపు గొట్టం బదులు అదే గోడ మందంలో 100 మి.మీ.ది వేస్తే వంగకుండా నిలిచే బిగువు 8 రెట్లకు పైనే పెరుగుతుంది. ముందు గొట్టం నడుమ డయల్ గేజ్ (చిన్న కదలికను కూడా ముల్లుతో చూపే కొలపరికరం) పెట్టి, స్పిండిల్‌ను (కోత పనిముట్టును తిప్పే భాగాన్ని) చేత్తో తోయండి. ముల్లు బాగా కదిలితే గొట్టమే మార్చండి. ఇసుకే పోస్తానంటే ఆరబెట్టి, మూతలు గట్టిగా సీల్ చేయండి. రేణువులు లీనియర్ రైల్‌లో (యంత్రం భాగాలు జారే పట్టాలో) పడ్డాయో, అంతే సంగతులు!