పరీక్ష మామగారికా, ఆ తొడుగుకా?

ప్రశ్న: మా మామగారికి అరవై రెండేళ్లు. కొమ్ముతో దువ్వెనలు, కొంగబొమ్మలు చేసేవారు. ఏడు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. నడక కుదుటపడింది గానీ కుడిచేతి వేళ్లు పిడికిట్లోనే బిగుసుకుపోయాయి. బరంపురంలో మేము చూపిస్తున్న ఆసుపత్రివాళ్లు, గాలి నింపి వేళ్లను తెరిచే కొత్త తొడుగును పరీక్షిస్తున్నాం, చేరతారా అని అడిగారు. కాగితాలు ఒడియాలో, ఇంగ్లిషులో ఉన్నాయి. ఆయన తెలుగే చదవగలరు. మా వారు తానే సంతకం పెట్టేస్తానంటున్నారు. మామగారేమో "నా మీద ప్రయోగాలా?" అని భోజనం మానేశారు.
— ఒక కోడలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ముందు ఆయనకు అన్నం పెట్టండి. తర్వాత మీ వారి చేతిలోంచి ఆ కలం తీసేయండి. చెప్పింది అర్థం చేసుకుని నిర్ణయించుకోగల మనిషి తరఫున కొడుకు ఒప్పుకుంటే చెల్లదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం వివరాలన్నీ ఆయనకు తెలిసిన భాషలో చెప్పాలి. తెలుగు పత్రం కావాలని మొహమాటపడకుండా అడగండి. 1936లో మద్రాసు నుంచి ఒడిశాలోకి మారినా పర్లాకిమిడి ఇళ్లలో తెలుగు ఎక్కడికీ పోలేదు.

ఆయన కోపం ఊరికే వచ్చింది కాదు. చేతుల వైద్యంలో కొత్తగా చేరిన రోజుల్లో, పట్టుచీరలు నేసే ఒక పెద్దావిడకు మణికట్టు పట్టీ ఒకటి నేనే కుట్టించి ఇచ్చాను. చాలా గర్వపడ్డాను కూడా. వారం తర్వాత వచ్చి, ఏమీ అనకుండా నా ఎదుటే తొడుక్కోబోయింది. ఒక కొస పట్టుకుని రెండో కొస లాగాలి. ఆవిడకు పనిచేసేది ఒక్క చెయ్యే. చివరికి పళ్లతో పట్టి లాగింది. నేను కాగితం మీద గీసిన బొమ్మలో పళ్లు లేవు. ఆ పట్టీని ఆవిడ చెప్పినట్టే మళ్లీ కుట్టించాను.

అందుకే మామగారితో చెప్పండి: అక్కడ పరీక్ష రాసేది తొడుగు, మార్కులు వేసేది ఆయన. ఎక్కడ ఒరుసుకుంటోంది, చెమటకు జారుతోందా, ఒంటిచేత్తో తీయగలుగుతున్నారా, ఇవన్నీ ఆయన చెబితేనే తెలుస్తాయి. పక్షవాతం వచ్చిన చేతికి స్పర్శ సరిగా తెలియకపోవచ్చు కాబట్టి, తొడుగు తీశాక చర్మం మీరు చూడండి. ఎరుపు అరగంటకు కూడా తగ్గకపోతే మళ్లీ తొడగనివ్వకండి, వెంటనే వాళ్లకు చెప్పండి.

అయితే చెయ్యి తిరిగి వచ్చేస్తుందని మాత్రం ఆశపెట్టకండి. పనిచేస్తుందో లేదో తెలియకే కదా పరీక్షిస్తున్నారు! చీటీలు తీసినట్టు కొందరికి తొడుగు, కొందరికి మామూలు వ్యాయామమే రావచ్చు. అదీ అడగండి. పరీక్ష కోసం మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. దానివల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, పరిహారమూ ఉంటుంది. వద్దనుకున్న రోజు మానేయవచ్చు, అందుకు మామూలు వైద్యం ఆపకూడదు. బస్సు ఖర్చు ఇస్తారేమో కనుక్కోండి.

ఇక కొలతల సంగతి. ఇలాంటి పరీక్షల్లో తరచుగా, నిమిషంలో ఎన్ని చెక్కముక్కలు ఒక అరలోంచి పక్క అరలోకి వేశారో లెక్కపెడతారు. మంచిదే. కానీ మామగారు చెక్కముక్కలతో అన్నం తినలేదు కదా. ఆయన చేరతానంటే, వెళ్లే రోజు ఆయన కొమ్ము అరగదీసే ఆకురాయిని సంచిలో వేసుకుని వెళ్లండి. మొదటిరోజే దాన్ని బల్లమీద పెట్టి, ఇది పట్టుకోవడం కూడా రాసుకోండి అని ఆయన్నే అడగమనండి.