లెగ్ స్పిన్ వేసే మేనల్లుడికి

ఒరేయ్ చిన్నా,

అండర్-19 సెలక్షన్స్‌కి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పగానే ఎంత పొంగిపోయానో! ఆ వెంటనే, ఒళ్ళు తగ్గాలని రాత్రి అన్నం మానేశావనీ, ఎవరో ఫ్రెండ్ ఇచ్చిన మాత్రలు వేసుకుంటున్నావనీ చెప్పింది. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్.

బౌలింగ్ గురించి చెప్పేది కొంచెమే. బంతిని గట్టిగా తిప్పు, గాల్లోకి వెయ్యడానికి జంకకు. లెగ్ బ్రేక్ కుదిరేదాకా, అలాగే కనబడి ఎదురు దిక్కుకి తిరిగే గూగ్లీ జోలికి పోకు. కొడితే కొట్టనీ. నువ్వు దేవుడనుకునే ఆస్ట్రేలియా లెగ్ స్పిన్నర్ షేన్ వార్న్ 1992లో సిడ్నీలో మన మీదే మొదటి టెస్ట్ ఆడాడు. 150 పరుగులిచ్చి తీసింది ఒక్క వికెట్, అదీ రవిశాస్త్రి 206 కొట్టాక. మరుసటి ఏడాది మాంచెస్టర్‌లో ఇంగ్లండ్ బ్యాటర్ గాటింగ్‌కి వేసిన బంతి లెగ్ స్టంప్‌కి బయట నేలమీద పడి, తిరిగి, ఆఫ్ స్టంప్ పైన తగిలింది.

ఇక ఆ మాత్రల సంగతి. 2003 ప్రపంచ కప్‌కి దక్షిణాఫ్రికా వెళ్ళిన వార్న్, మొదటి మ్యాచ్ కూడా ఆడకుండా ఇంటిదారి పట్టాడు. ఒంట్లో నీరు తీసేసే మాత్ర డోపింగ్ పరీక్షలో బయటపడింది. సన్నగా కనబడాలని వేసుకున్నాడట, ఇచ్చింది కన్నతల్లేనట. దాంతో బంతి ఒక్క అంగుళం కూడా ఎక్కువ తిరగదురా! కానీ వేరే మందులు వాడినా పరీక్షలో దొరక్కుండా చేస్తుందని అది నిషేధం. ఏడాది ఆట పోయింది. ఆ కప్పు ఫైనల్లో మనల్ని ఓడించిన జట్టులో అతను లేడు. 2004లో శ్రీలంకలోని గాలెలో తిరిగొచ్చి, రెండు ఇన్నింగ్స్‌లోనూ ఐదేసి తీసి 500 వికెట్లు దాటాడు. చివరికి 708. అతను వార్న్ కాబట్టి జట్టు ఎదురుచూసింది. నీకు ఏడాది పోతే అండర్-19 వయసే దాటిపోతుంది, ఆ ముక్క ఆలోచించావా?

2022 మార్చి 4న, ఆస్ట్రేలియా పాత వికెట్ కీపర్ రాడ్ మార్ష్ పోయాడని పొద్దున సంతాపం రాసిన వార్న్ సాయంత్రానికి తనే లేడు. 52 ఏళ్ళు. సహజ మరణమే అన్నారు. సెలవు మీద థాయ్‌లాండ్ వెళ్ళే ముందు 14 రోజులు ద్రవాహారం మీదే ఉన్నాడని అతని మేనేజర్ చెప్పాడు. దానివల్లే పోయాడని నేననను. కానీ నువ్వు అన్నం మానేశావనగానే నాకు గుర్తొచ్చింది అదే.

ఆ మాత్రలు ఈ రోజే అమ్మకి ఇచ్చెయ్. దగ్గు మందైనా సరే, ఆటగాణ్ణని డాక్టరుకి చెప్పి రాయించుకో. 2019లో పృథ్వీ షా దగ్గు మందు వల్లే ఎనిమిది నెలల నిషేధంలో పడ్డాడు. రాత్రికి కడుపునిండా పెరుగన్నం తిను నాన్నా, బొద్దుగా ఉంటే ఏం? బూట్లు పాతబడ్డాయని విన్నాను, సైజు చెప్పు, ఆదివారం తెస్తాను.

మీ మామయ్య