వయసుతో కరిగే కండకు సముద్రపు నాచు మాత్రలు పనిచేస్తాయా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర బారువ. నాన్నకు 72. తొడలు సన్నబడ్డాయి, కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవలేకపోతున్నారు. నాచు మాత్రలు కొనమంటున్నారు, కొనాలా?

నేనైతే కొనను. వయసుతో కండ, బలం తగ్గడాన్ని సార్కోపీనియా అంటారు. నాచులోని ఫ్యూకోయిడాన్, ఫ్యూకోజాంథిన్ అనే పదార్థాలు కండ కరగడాన్ని తగ్గిస్తాయన్న ఆధారాలు ఎక్కువగా ఎలుకల మీద, ల్యాబులో కణాల మీద వచ్చినవే. మనుషుల్లో కాస్త గట్టిగా పరీక్షించింది చేపనూనెలోని ఒమేగా-3 అనే కొవ్వుని. 2015లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో 60 నుంచి 85 ఏళ్ల వాళ్లకు ఆరు నెలలు రోజుకు 3 గ్రాములకు పైగా ఇస్తే, ఇవ్వనివాళ్లతో పోలిస్తే తొడ కండ 3.6 శాతం మెరుగ్గా ఉంది. అయితే అది చిన్న అధ్యయనం, మోతాదేమో పెద్దది. తర్వాతి ఫలితాలన్నీ ఒకేలా లేవు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే అంత మోతాదు డాక్టర్‌ని అడక్కుండా వద్దు.

మీ తీరంలో కవళ్లు, కానాగంతలు దొరుకుతాయి కదా! ఒమేగా-3తో పాటు ప్రొటీన్ కూడా వాటిలోనే ఉంది. వేపుడు కన్నా పులుసు మేలు. ఎండు చేపల్లో ఉప్పెక్కువ, బీపీ ఉంటే తగ్గించండి.

ఇంకో మాట. మీది ఉద్దానం ప్రాంతం, కిడ్నీ జబ్బులు ఎక్కువ. ప్రొటీన్ పెంచే ముందు, పౌడర్లయితే మరీ, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి.

అసలు మందు వ్యాయామమే. కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, రోజుకు రెండు విడతలు. మొదట్లో పక్కన మీరు నిలబడండి. బరువు కూడా హఠాత్తుగా తగ్గుతుంటే షుగర్, థైరాయిడ్ చూపించండి.