తుపాకీ మడమకు రబ్బరు ప్యాడ్: రంపం పట్టే ముందు కొలతలు

ప్రశ్న: నమస్కారమండీ. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా నాన్నగారి తర్వాత నా పేర లైసెన్సుకు మారిన 12 బోరు రెండు గొట్టాల తుపాకీ ఒకటి మా ఇంట్లో ఉంది. గత నెలలో రైఫిల్ క్లబ్ రేంజ్‌లో పది తూటాలు కాల్చేసరికి భుజం కమిలి నల్లబడింది. నాలుగు రోజులు చెయ్యి పైకెత్తలేకపోయాను. మడమకు, అంటే భుజానికి ఆనే కర్ర చివరకు, పావు అంగుళం మందం ఉన్న గట్టి ప్లాస్టిక్ పలక తప్ప మరేమీ లేదు. ముందరి ట్రిగ్గర్ నుంచి పలక మధ్య వరకు కొలిస్తే 14¼ అంగుళాలు వచ్చింది. నా ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. అంగుళం మందం రబ్బరు ప్యాడ్ తెప్పించాను. మా ఊళ్లో తలుపులు, మంచాలు చేసే వడ్రంగి మంచి పనివాడు. అతను “అంగుళం ప్యాడ్ వేస్తున్నాం కాబట్టి అంగుళం కర్ర కోసేస్తే సరి” అంటున్నాడు. కోయించమంటారా? ప్యాడ్ వేస్తే తన్ను (పేలినప్పుడు తుపాకీ వెనక్కి కొట్టే దెబ్బ) ఎంత తగ్గుతుంది?
— ఒక పాఠకుడు, రాజోలు మండలం

జవాబు: కోయించకండి. అతను అనుకున్నట్టు చేస్తే మీ తుపాకీ ఇప్పటికంటే పొట్టిదవుతుంది. పలక తీసేస్తే మీ కర్ర పొడవు 14 అంగుళాలు. అందులో అంగుళం కోస్తే 13 మిగులుతుంది. దానికి అంగుళం ప్యాడ్ వేస్తే మళ్లీ 14. అంటే ఇప్పుడున్న దానికంటే రెండు నూళ్లు, అనగా పావు అంగుళం తక్కువ. వడ్రంగి లెక్కలో పలక మందం లేదు. మీ ఎత్తుకు ఇప్పటి కొలతే కొంచెం తక్కువని నా అనుమానం.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల క్రితం మా ఇంటి తుపాకీకి ప్యాడ్ వేయించడానికి మరో ఊరిలో ఒక మరమ్మతుదారు దగ్గరకు తీసుకువెళ్లాను. నన్ను ఒక్కసారి కూడా తుపాకీ భుజానికి ఎత్తి చూపమని అడగకుండానే ఆయన అంగుళంన్నర కర్ర కోసి, ముక్కను పక్కన పడేశారు. ప్యాడ్ అందంగానే కుదిరింది, భుజం నొప్పి కూడా తగ్గింది. కానీ మొదటి తూటాకే పట్టు మీద ఉన్న నా బొటనవేలి కణుపు వచ్చి ముక్కుకు తగిలి, కళ్లలో నీళ్లు తిరిగాయి. కోసిన కర్ర తిరిగి రాదు. ఆ లోటు పూడ్చడానికి మడమకూ ప్యాడ్‌కూ మధ్య నల్లటి అట్టలాంటి ముక్కలు పేర్చవలసి వచ్చింది, అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

ముందు మీ రెండో ప్రశ్న చూద్దాం. ప్యాడ్ తన్నును మాయం చేయదు. గుళ్లు, వాడ్ (మందుకూ గుళ్లకూ మధ్య ఉండే బిరడా), మందు కాలిన వాయువులు ఎంత ఊపుతో గొట్టంలోంచి ముందుకు పోతాయో తుపాకీ అంతే ఊపుతో వెనక్కి వస్తుంది, మడమకు ఏం తగిలించినా ఈ లెక్క మారదు. 3.2 కిలోల తుపాకీలో 32 గ్రాముల గుళ్ల తూటా సెకనుకు 400 మీటర్ల వేగంతో పేలిందనుకుంటే, తుపాకీ సెకనుకు సుమారు నాలుగున్నర మీటర్ల వేగంతో భుజం మీదికి వస్తుంది. ఆ శక్తి దాదాపు 34 జౌల్స్. ప్యాడ్ చేసేది రెండే పనులు. ఆ దెబ్బ తగిలే సమయాన్ని కొంచెం సాగదీస్తుంది, దాన్ని ఎముక మీద ఒక్కచోట కాకుండా వెడల్పుగా పరుస్తుంది. గట్టి ప్లాస్టిక్ పలకతో పోలిస్తే ఈ తేడా మీ భుజానికి స్పష్టంగానే తెలుస్తుంది. అయితే అదే తుపాకీలో 32 గ్రాములకు బదులు 24 గ్రాముల గుళ్ల తూటా వాడితే ఆ 34 జౌల్స్ దాదాపు 21కి దిగుతాయి. ఎగిరే మట్టి బిళ్లలను కాల్చే ట్రాప్, స్కీట్ పోటీల్లో రోజుకు వంద తూటాలు కాల్చేవాళ్లు వాడేది ఈ 24 గ్రాములవే. రేంజ్‌లో మీరు కాల్చిన పెట్టె మీద ఎన్ని గ్రాములని రాసి ఉందో చూడండి. అలాగే పాత తుపాకీ కాబట్టి గొట్టాల అడుగున ఉన్న ముద్రలను లైసెన్సున్న డీలరు చేత చదివించి, దాని గది, అంటే గొట్టంలో తూటా కూర్చునే భాగం, 65 మిల్లీమీటర్లదో 70 మిల్లీమీటర్లదో తెలుసుకోండి. పొట్టి గదిలో పొడుగు తూటా పేలిస్తే ఒత్తిడీ తన్నూ రెండూ పెరుగుతాయి. భుజం నొప్పి మాట అటుంచి, అది ప్రమాదకరం కూడా.

కమిలిన చోటు ఎక్కడో కూడా చూసుకోండి. మెడ కింది అడ్డ ఎముకకూ భుజం కండకూ మధ్య మెత్తటి గుంట ఒకటుంటుంది, మడమ కూర్చోవలసింది అక్కడే. నలుపు చేతి పైభాగం కండ మీద ఉంటే మడమ పక్కకు జారినట్టు. తన్నుకు భయపడి తుపాకీని భుజానికి వదులుగా ఆనించే అలవాటు కూడా చాలామందికి ఉంటుంది. అప్పుడు తుపాకీ ఆ చిన్న ఖాళీలో వేగం అందుకుని వచ్చి గుద్దుతుంది. గట్టిగా లోపలికి లాగి పట్టుకున్న తుపాకీ నెడుతుంది, వదులుగా పట్టుకున్నది కొడుతుంది.

ఇక కొలత. ముందుగా తుపాకీ మడిచి రెండు గదులూ ఖాళీ అని కంటితోనూ వేలితోనూ చూసుకోండి. మీరు కొలిచే చోట తూటాల పెట్టె అసలు ఉండకూడదు. పలక తీయకుండా, మడమకు అట్టముక్కలు పావు అంగుళం మందాన పేర్చి టేపు చుట్టండి. మామూలుగా రేంజ్‌కు వేసుకునే చొక్కా వేసుకుని, కళ్లు మూసుకుని భుజానికి ఎత్తి, చెంప ఆనించి, అప్పుడు కళ్లు తెరవండి. బొటనవేలి కణుపుకూ ముక్కుకూ మధ్య రెండు వేళ్ల మందం ఉంటే పొడవు సరిపోయినట్టు. ఎత్తేటప్పుడు మడమ చంక దగ్గర చొక్కాకు తట్టుకుంటే ఎక్కువైనట్టు. చలి దేశాల్లో చేసిన తుపాకులు మందపాటి కోటు మీద పట్టుకోవడానికి కొలిచినవి. మన కోనసీమ ఉక్కలో పల్చటి నూలు చొక్కాతో పట్టుకునేవారికి అవి ఒక్కోసారి పొట్టిగా అనిపిస్తాయి. 14½ అంగుళాలు మీకు సరిపడవచ్చని నా అంచనా, కానీ అట్టముక్కలు చెప్పిందే ఖాయం చేసుకోండి. ఆ మాట నిజమైతే కర్ర అసలు కోయనక్కరలేదు. ఇప్పుడు తెప్పించిన దానికి బదులు అర అంగుళం ప్యాడ్ తీసుకుని 14 అంగుళాల కర్రకు నేరుగా బిగించవచ్చు. మీ స్థానంలో నేనైతే అదే చేస్తాను. అంగుళం మెత్తదనమే కావాలంటే అర అంగుళం మాత్రం కోయాలి. అంతకంటే ఒక్క నూలు కూడా ఎక్కువ వద్దు.

పొడవు మారితే చూపు కూడా మారుతుందని చాలామంది గమనించరు. చెంప ఆనే కర్ర అంచు మడమ వైపు కిందికి వాలి ఉంటుంది. తుపాకీ పొడుగైతే చెంప వెనక్కి జరుగుతుంది, దానితో కన్ను కిందికి దిగుతుంది. పావు అంగుళానికి ఈ తేడా స్వల్పమే, అంగుళానికి మాత్రం గుళ్లు పోయే ఎత్తు మారవచ్చు. అలాగే మడమ కోత వాలు కూడా ముఖ్యం. తుపాకీని నేల మీద నిటారుగా నిలబెట్టి, గొట్టాల మొదలును గోడకు ఆనిస్తే, మూతి గోడకు ఎంత దూరంలో ఉందో కొలిచి రాసి పెట్టుకోండి. ప్యాడ్ వేశాక అదే కొలత రావాలి. కోత వాలు చెడితే మడమ కింది మొన ఛాతీలో గుచ్చుకుంటుంది, లేదా మడమ పైకి జారి తుపాకీ చెంపకు కొడుతుంది.

పని ఎవరితో చేయించాలన్నది తెగిన విషయం. 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ మరమ్మతును వృత్తిగా చేయడానికి లైసెన్సు ఉండాలి. ‘ఆయుధం’ అన్న మాటకు ఆ చట్టంలో ఇచ్చిన నిర్వచనంలో దాని భాగాలు కూడా చేరతాయి, కాబట్టి “గొట్టాలు ఇంట్లోనే ఉంచి కర్ర మాత్రం ఇచ్చాను” అన్న మాట మీద ఆధారపడవద్దు. మీ వడ్రంగి చెయ్యి ఎంత మంచిదైనా ఆయన ఇంటి వసారాలో మీ తుపాకీ పెట్టి రావడం ఇద్దరికీ చిక్కే. లైసెన్సున్న మరమ్మతుదారు దగ్గరకు మీ లైసెన్సు పుస్తకంతో వెళ్లండి. తుపాకీ అక్కడ వదిలి రావలసి వస్తే రసీదు రాయించుకోండి. వీలైతే పక్కనే కూర్చుని పని చూడండి.

చూస్తున్నప్పుడు ఏం చూడాలో చెబుతాను. కోయవలసి వస్తే, గీత వెంబడి కర్ర చుట్టూ కాగితపు టేపు వేసి, గీతను ముందు పదునైన కత్తితో గాటు పెట్టి, సన్నపళ్ల రంపంతో కోయాలి. లేకపోతే రంపం బయటకు వచ్చే వైపు అక్రోటు కర్ర పేళ్లు లేచిపోతుంది. పాత మరల రంధ్రాల్లో గట్టి కర్ర పుల్లలు అరాల్డైట్‌తో దిగగొట్టి, ఆరిన తర్వాతే కొత్త రంధ్రాలు వేయాలి. కొన్ని తుపాకుల్లో కర్రను బిగించే పొడవాటి బోల్టు మడమ మధ్యలోంచి పోతుంది, ఆ గొంది అంచున మర పడకుండా చూడాలి. మరలు స్టెయిన్‌లెస్‌వి అయితే మేలు. అంతర్వేది గాలికి ఇనుప మర రెండేళ్లలో తుప్పు పట్టి కర్రలో నల్లటి చార వదులుతుంది. మరకు కొంచెం సబ్బు రాసి తిప్పితే కర్ర పగలదు, స్క్రూడ్రైవరుకు వాజిలైన్ రాస్తే రబ్బరులో అది దూరే చీలిక చినగదు.

ఇందులో అసలైన నేర్పు రబ్బరును అరగదీయడంలో ఉంది. ప్యాడ్ ఎప్పుడూ కర్రకంటే వెడల్పుగానే వస్తుంది. దాన్ని బిగించి, కర్ర అంచు వెంబడి సూదితో రబ్బరు అడుగున గీత గీసి, మళ్లీ విప్పి, తిరిగే ఉప్పుకాగితం బెల్టు మీద ముందు గరుకుదానితో, గీత దగ్గరపడ్డాక నున్నటిదానితో అరగదీస్తారు. కింది మొన దగ్గర కర్ర అడుగు గీత ఎటు వాలితే రబ్బరు కూడా అటే వాలుతూ సాగాలి. చాలా చోట్ల ఇక్కడే తొందరపడి నిలువుగా అరగదీస్తారు, తర్వాత ఆ మొన చెప్పు అంచులా బయటకు కనిపిస్తుంది. నల్లటి రబ్బరు పొడి మేఘంలా లేచి ముక్కుల్లోకి పోతుంది కాబట్టి మాస్కు తప్పనిసరి. పైఅంచును గుండ్రంగా నున్నగా చేయమని అడగండి, అప్పుడు తుపాకీ ఎత్తేటప్పుడు భుజం మీది తుండుగుడ్డకూ చొక్కా కుట్టుకూ తట్టుకోదు.

ఒక్క పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మానవద్దు. కోసినా కోయకపోయినా, పలక తీసిన తర్వాత బయటపడే కర్ర కొన పచ్చిగా ఉంటే, ప్యాడ్ బిగించే ముందు దానికి అవిసెనూనె గానీ వార్నిష్ గానీ రెండు మూడు పూతలు తాగించాలి. కర్ర తేమను పీల్చేది పక్కల నుంచి కంటే కొన నుంచే ఎక్కువ. గోదావరి పోటు మీద ఉండే శ్రావణ మాసంలో మన ఇళ్లలో తలుపులే బిగుసుకుపోతాయి, పచ్చి కొనతో ఉన్న మడమ ఉబ్బి, వేసవిలో ఎండి, ప్యాడ్ దగ్గర సందు విడుస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయికి 21 ఏళ్లు, ట్రాప్ నేర్చుకుంటోంది. క్లబ్ తుపాకీతో సాధన చేస్తోంది. తన్ను తగ్గడానికి తొడుగు ప్యాడ్ కొనమంటారా?
— ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: అమ్మా, తొడుగు ప్యాడ్‌తో కర్ర కోయవలసిన పనిలేదు, కానీ అది తుపాకీని అర అంగుళం నుంచి అంగుళం వరకు పొడుగు చేస్తుంది. మగవారి కొలతకు చేసిన తుపాకీ మీ అమ్మాయికి ఇప్పటికే పొడుగై ఉండవచ్చు. అలాంటప్పుడు అది మేలుకంటే కీడే చేస్తుంది. భుజం దగ్గర పల్చటి ప్యాడ్ కుట్టిన షూటింగ్ వెస్ట్ కొనివ్వండి. ఆడపిల్లలకు తరచు ఇబ్బంది పెట్టేది తన్ను కాదు, మడమ కింది మొన ఛాతీకి గుచ్చుకోవడం. ఆ మొనను బయటి వైపుకు కొంచెం తిప్పి, కోత వాలు మార్చితే చాలావరకు తగ్గుతుంది. క్లబ్ తుపాకీకి ఆ మార్పు చేయలేరు కాబట్టి, సొంత తుపాకీ లైసెన్సు వచ్చిన రోజున ముందు కోచ్ చేత ఆమె కొలతలు తీయించి, తర్వాతే తుపాకీ ఎంచుకోండి. వేరే ప్యాడ్ మాట అప్పుడు ఆలోచించవచ్చు.

ప్రశ్న: నా తుపాకీకి వేసిన ప్యాడ్ బంకలా జిగటగా మారి, బీరువాలో బట్టకు నల్లగా అంటుతోంది. పెట్రోలుతో తుడవవచ్చా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వద్దు, పెట్రోలు, థిన్నర్ రెండూ రబ్బరును ఇంకా కరిగిస్తాయి. వేడికీ నూనెకూ ముదిరిన రబ్బరు తిరిగి బాగుపడదు, ప్యాడ్ మార్చవలసిందే. అంతవరకు టాల్కం పౌడరు అద్దితే జిగట కొంత తగ్గుతుంది. కొత్తది వేశాక తుపాకీని ప్యాడ్ మీద మూలన నిలబెట్టి ఉంచవద్దు, దాని బరువుకు రబ్బరు ఒక పక్కకు వంగిపోతుంది. ఎన్నికల సమయంలో స్టేషన్‌లో డిపాజిట్ చేసేటప్పుడు కూడా, వీలుంటే పడుకోబెట్టి ఉంచమని మర్యాదగా అడగండి. శుభ్రం చేసి నూనె పట్టించిన తర్వాత ఒక రాత్రి మూతి కిందికి ఉండేలా, కింద పాత గుడ్డ పరిచి ఆనించి ఉంచితే, మిగిలిన నూనె కర్రలోకీ ప్యాడ్‌లోకీ దిగకుండా ఆ గుడ్డలోకి కారిపోతుంది.