మాక్రోల మీద చెయ్యి వేసే ముందు

విజయనగరం

చిరంజీవి అమ్మడికి,

మావయ్య ఆశీస్సులు. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, అందులోకి అడుగుపెట్టే చోట ఉండే అసెంబ్లీ కోడే ఎంట్రీ కోడ్. అక్కడ ఒకేలా కనిపిస్తున్న మూడు మాక్రోలను, అంటే పేరు పెట్టి పదేపదే వాడుకునే కోడ్ ముక్కలను, కలిపేస్తానన్నావు ఫోన్లో. కలుపు. కాకపోతే 'ఒకేలా కనిపిస్తున్నాయి' అన్నావు చూడు, నాకు టెన్షన్ పట్టుకున్నది అక్కడే.

నేనూ ఒకప్పుడు ఇదే పని చేశాను. అప్పుడు పనిచేసే ఆఫీసులో మాకో చిన్న కెర్నెల్ ఉండేది. ప్రోగ్రాం కెర్నెల్‌ను పని అడిగే సిస్టమ్ కాల్‌కి ఒకటి, అరుదుగా వచ్చే ఒక ఇంటరప్ట్‌కి (హార్డ్‌వేర్ పిలుపుకి) ఒకటి, ప్రాసెసర్ లోపలి చిన్న గూళ్లయిన రిజిస్టర్లను స్టాక్‌లో (మెమరీలో దొంతరలా పేర్చే చోట) దాచే మాక్రోలు రెండు. కలిపేసి, కొత్త మాక్రో మొదటి లైన్లోనే ఆర్ఏఎక్స్ అనే రిజిస్టర్‌ను చిత్తుకాగితంలా వాడేశాను. సిస్టమ్ కాల్‌కి చెల్లిపోయింది, అందులోని కాల్ నంబరును అంతకుముందే స్టాక్‌లో దాచేశాం కదా. ఇంటరప్ట్ అలా కాదు, ప్రోగ్రాం లెక్క వేసుకుంటుంటే మధ్యలో వచ్చి పడుతుంది. ఆ క్షణాన ఆర్ఏఎక్స్‌లో ఉన్నది ఎవరి లెక్కో! మెషిన్ బూటయింది, టెస్టులు పాసయ్యాయి. వారం తరవాత ఒక ప్రోగ్రాం కూడిక మొత్తాన్ని తప్పుగా చూపించింది. పట్టుకోవడానికి పది రోజులు పట్టింది. అప్పట్నుంచి ప్రతి మాక్రో నెత్తినా కామెంటు రాస్తున్నాను: ఇది ఏ రిజిస్టర్లను చెరుపుతుంది, పిలిచేసరికి స్టాక్ మీద ఏముండాలి అని.

అనవసరం అనిపించిన లైన్ను తీసెయ్యకు, ముందు ఏ మార్పు ఎందుకు చేశారో రాసి ఉండే గిట్ లాగ్ తవ్వు. లినక్స్‌లో పుష్_అండ్_క్లియర్_రెగ్స్ అనే మాక్రో చూశావుగా. రిజిస్టర్లను స్టాక్‌లోకి తోసి, ఆపైన వాటిని సున్నా చేస్తుంది. దాచాక మళ్లీ తుడవడమెందుకు అనిపిస్తుంది. 2018లో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక, యూజర్ పెట్టిన విలువలు కెర్నెల్ స్పెక్యులేషన్‌లోకి (ప్రాసెసర్ ముందే ఊహించి చేసే పనిలోకి) జారకూడదని పెట్టినవి అవి. ఆ లైన్లు ఎంతసేపు చూసినా ఈ సంగతి వాటిలో కనిపించదు.

పేర్లు మార్చే ప్యాచ్ వేరు, పని మార్చే ప్యాచ్ వేరు. రెండూ ఒకే కమిట్‌లో పెడితే రివ్యూ చేసేవాళ్లకు మతిపోతుంది. పేర్లే మార్చానంటే బిల్డయ్యాక వచ్చే పాత, కొత్త ఆబ్జెక్ట్ ఫైళ్లను ఆబ్జ్‌డంప్ అనే టూల్‌తో విప్పి తేడాలు చూపే డిఫ్ కొట్టు. మారిన పేరు తప్ప ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా కదలకూడదు. కదిలిందా, ఎందుకో కమిట్ మెసేజ్‌లో రాయగలిగితేనే పంపు.

కోడ్ మొదలు, చివర గుర్తించే పాత ఎంట్రీ, ఎండ్ మాక్రోల చోట లినక్స్ 5.5 వెర్షన్ నుంచి వచ్చినవి వాడేటప్పుడు గుడ్డిగా రీప్లేస్ కొట్టకు. సీ ఫంక్షన్‌లా పిలిస్తే బుద్ధిగా తిరిగొచ్చేదానికి సిమ్_ఫంక్_స్టార్ట్. స్టాక్‌తో వింతలు చేసేదానికి సిమ్_కోడ్_స్టార్ట్. తేడా పెట్టకపోతే కోడ్‌ను తనిఖీ చేసే ఆబ్జ్‌టూల్ వదలదు.

మాక్రో లోపలి లేబుల్‌కి, ప్రతిసారీ వేరే పేరు వచ్చేలా, బ్యాక్‌స్లాష్, ఎట్ గుర్తు తగిలించడం మర్చిపోతే రెండోసారి పిలవగానే అసెంబ్లర్ అరుస్తుంది. అది మంచి తప్పు, అరుస్తుంది కనీసం.

ఆదివారం ఆమదాలవలసలో రైలెక్కి వచ్చెయ్. ఆ మూడు మాక్రోలూ ప్రింటు తీసి తీసుకురా, రంగు పెన్నులతో గీసుకుంటూ చూద్దాం. స్క్రీన్ మీదైతే స్టాక్ ఎటు పెరుగుతోందో నాకు ఇప్పటికీ తికమకే.

మీ మావయ్య