సిమ్యులేషన్ (కంప్యూటర్‌లో లెక్కకట్టి చూడటం) చేశాక కూడా నమూనా తయారుచేసి పరీక్షించాలా?

చాలా డిజైన్లలోంచి మంచివి ఏరుకోవడానికి సిమ్యులేషన్ చాలు, కానీ తప్పు జరిగితే ప్రాణాలకో కోట్ల రూపాయలకో ముప్పు ఉన్నచోట, లెక్కను నమ్మే ముందు అసలు నమూనాను పరీక్షించాల్సిందే.

కారణం: కంప్యూటర్ మనం రాసిచ్చిన సమీకరణాలనే లెక్కిస్తుంది. మనకు తట్టని విషయం దానికీ తట్టదు. పైగా నీటి సుడుల వంటివాటిని అది పూర్తిగా కాదు, అంచనాలతోనే లెక్క కడుతుంది.

ఉదాహరణకు ఓడ అడుగుభాగం. పదుల ఆకారాలను కంప్యూటర్‌లోనే వడపోసి, మిగిలిన ఒకటి రెంటికి చిన్న నమూనాలు చేసి నీటి తొట్టెలో లాగి చూస్తారు. విశాఖలోని నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీలో ఇందుకోసం దాదాపు 500 మీటర్ల పొడవైన తొట్టె ఉంది.

నమూనా పరీక్షే అంతిమ సత్యమన్నది చాలామందికి ఉన్న అపోహ. ఓడ పొడవులో 25వ వంతు ఉన్న నమూనాను ఓడ అసలు వేగంలో 5వ వంతుతో లాగితే అలల ప్రభావం సరిగ్గా సరిపోతుంది, నీటి రాపిడి మాత్రం సరిపోదు. దాన్ని విడిగా లెక్కకట్టి సరిచేయాలి. అంటే తొట్టె పరీక్షకూ లెక్క తోడు కావాలన్నమాట! సాదా బ్రాకెట్ లాంటి భాగానికైతే ఇంత హడావిడి అనవసరం.