జ్వరం తగ్గిన ఇంటికి కూడా వెళ్ళు

అమ్మలూ,

పాడేరు ఏజెన్సీలో పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. నీకంటే వాడికే టెన్షన్ ఎక్కువున్నట్టుంది. ముప్పై ఏళ్ళు ఆ కొండల మీద మలేరియా పని చేసి దిగినవాణ్ణి కదా, నాలుగు ముక్కలు రాస్తున్నాను. ట్రైనింగులో చెప్పేవి మళ్ళీ చెప్పను.

రక్తం తీసేటప్పుడు స్పిరిట్ రాసిన వేలు ఆరేదాకా ఆగు. తడి మీద గుచ్చితే చుక్క నిలబడదు, పక్కకి జారిపోతుంది. మొదటి చుక్క దూదితో తుడిచెయ్యి. స్లైడ్ మీద మందంగా రాసే మచ్చని న్యూస్ పేపర్ మీద పెడితే కింద అక్షరాలు కనబడాలి. కనబడలేదా, ల్యాబ్ వాళ్ళు నిన్ను తిట్టుకుంటారు. ఆరబెట్టాక అక్కడే ఉండు. చేరిన కొత్తలో ఒక ఇంటి అరుగు మీద పదకొండు స్లైడ్లు ఆరబెట్టి టీ తాగడానికి వెళ్ళాను. వచ్చేసరికి ఈగలు నాకేసి సగం స్లైడ్లలో వట్టి గాజే మిగిలింది. అక్కడికక్కడే మలేరియా తేల్చే పరీక్ష కిట్లున్నాయి కదా అంటావేమో. కిట్టుని ఎండలో బండి డిక్కీలో పెట్టావంటే దాని మాట నమ్మడానికి లేదు.

ఊళ్ళో ముసలమ్మలు ‘నీళ్ళు పడక జ్వరం’ అంటారు. నవ్వకు. చెడు గాలి అనే అర్థంలోంచే మలేరియా అన్న పేరు పుట్టింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి అందులో ఆ క్రిమిని చూశాకే గానీ దోమ సంగతి రుజువు కాలేదు. ముసలమ్మ చెప్పేది పూర్తిగా విని, ఆ తర్వాత దోమతెర ఎక్కడుందో అడుగు. పెట్టెలో మడతపెట్టి ఉంటుంది. లేదా ఇంట్లో బాగానే కట్టి ఉంటుంది, ఇంటాయన మాత్రం పంట కాపలాకని పోడులో మంచె మీద పడుకుంటాడు. తెర ఆయన వెంట వెళ్ళాలి. ఉతికితే నీడనే ఆరెయ్యమను.

స్ప్రే విషయంలో గొడవ పడకు. రక్తం తాగిన దోమ వెళ్ళి గోడ మీద వాలుతుంది, అందుకే మందు గోడకి కొడతాం. మనం కొట్టి వచ్చిన వారానికి పండగొస్తుంది, ఎర్రమట్టితో గోడంతా అలికేస్తారు. మందు మట్టి కింద పడి ఉంటుంది. ఎవర్ని అంటాం? స్ప్రే తేదీకి పది రోజుల ముందే ఊరికి వెళ్ళి ‘అలుక్కునేది ఇప్పుడే అలుక్కోండి’ అని చెప్పు. సంత రోజు మాత్రం ఊరికి పోకు, ఎవరూ ఉండరు. నువ్వే సంతకి పో.

ఇక అసలు సంగతి. వైవాక్స్ రకం మలేరియా వచ్చినవాళ్ళకి క్లోరోక్విన్‌తో మూడు రోజుల్లో జ్వరం పోతుంది. లివర్లో దాక్కున్న క్రిమి మాత్రం పోదు. దానికి ప్రిమాక్విన్ 14 రోజులు వెయ్యాలి. నాలుగో రోజున పిల్లాడు ఆడుకుంటుంటే ఏ తల్లి మాత్రలు మింగిస్తుంది? నేను ఒక ఇంట్లో మాత్రలన్నీ ఒకేసారి చేతిలో పెట్టి, రిజిస్టర్లో 14 గళ్ళూ ఆ రోజే టిక్కు పెట్టేశాను. రెండు నెలలకి అదే పిల్లాడు, అదే చలి, అదే వణుకు. వాళ్ళమ్మ చూరులో చెయ్యి పెట్టి ఒక పొట్లం తీసింది. పదకొండు మాత్రలు. ‘మళ్ళీ జ్వరమొస్తే వేద్దామని దాచాను బాబూ’ అంది. ఆవిడ పొదుపులో తప్పేముంది? తప్పంతా నా టిక్కులది. అప్పట్నుంచీ నాలుగో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు జ్వరం తగ్గిన ఇళ్ళకి వెళ్ళేవాణ్ణి. వెళ్ళి ఖాళీ స్ట్రిప్పులు అడిగి లెక్కపెట్టు. అన్నం తిన్నాకే వెయ్యమను. మూత్రం నల్లగా వచ్చిందంటే మాత్ర ఆపించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. గర్భిణులకి, ఏడాది నిండని పిల్లలకి ప్రిమాక్విన్ ఇవ్వకూడదు.

ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారం రకం మలేరియా అయితే ఇంత తీరిక ఉండదు. మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా తెల్లారనిద్దాం అనుకోవద్దు. డోలీ మొయ్యడానికి నలుగురు మనుషుల్ని పిలువు, ముందు కిందికి దించాలి.

కిట్ నెగెటివ్, జ్వరం తగ్గదు. అప్పుడు చంకలు, గజ్జలు, నడుము చుట్టూ చూడు. సిగరెట్ చురకలాంటి నల్ల పెచ్చు కనబడితే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. గడ్డిలోని కంటికి ఆనని పురుగు కుడితే వస్తుంది, దోమకి సంబంధం లేదు. ఆ రోజే డాక్టరుకి చూపించు. డాక్సీసైక్లిన్ త్వరగా పడితే తేరుకుంటారు. పెచ్చు నొప్పి పెట్టదు, ఆడవాళ్ళు సిగ్గుపడి చెప్పరు. నువ్వే లోపలికి తీసుకెళ్ళి చూడాలి. ఆ ఇళ్ళల్లో పట్టపగలే చీకటి. ఫోన్ లైటు సరిపోదు, నా పాత టార్చి మీ నాన్నతో పంపిస్తున్నాను. సెల్లులు కొత్తవి వేయించుకో.

మీ పెదనాన్న